సూర్యుడి పక్కన నల్లటిది

ఆ పొద్దున లక్కూరు గోపాలప్ప ఇంట్లో ఒకటే పని. పట్టుపురుగులు పండాయి, పొద్దు మునిగేలోగా వాటిని ఏరి, గూళ్లు కట్టుకునే వెదురు చంద్రికల మీద వేయాలి. లేకపోతే మేత తట్టల్లోనే కట్టేసుకుంటాయి, నెల చాకిరీ మట్టిపాలు. భార్య చిన్నవెంకటమ్మ కూలీలను పిలిపించింది. కాళ్లు కడుక్కోనిదే ఎవరినీ పురుగులింట్లోకి పోనీయకుండా చూడమని మొగుణ్ని గుమ్మం దగ్గర నిలబెట్టింది.

ఊరికే నిలబడితే ఆయన గోపాలప్ప ఎందుకవుతాడు? ఫోన్ తీశాడు. అంతరిక్షం నుంచి తీసిన సూర్యుడి ఫొటో ఒకటి వచ్చి ఉంది. సూర్యుడి పక్కన నల్లగా ఏదో వస్తువు. ఏమిటో ఎవరికీ తెలియదని కింద రాశారు. కాళ్లు కడుక్కుంటున్న వాళ్లందరికీ చూపించాడు.

కోలారు గనులు మూతబడ్డాక ఊరికి తిరిగొచ్చిన పిల్లప్ప కళ్లద్దాలు సర్దుకున్నాడు. "ఇది కేజ్ కదప్పా! మైన్‌లోకి మేము దిగతా ఉండింది దీంట్లోనే. ఎవరో సూర్యుడిలో బంగారం తవ్వతా ఉండారు."

"నీ తలకాయ! రాహువు," అంది కూలీల పెద్ద సొన్నమ్మ. "పట్టేదానికి కాచుకోని ఉండాడు. గ్రహణం పూట పురుగుని ముట్టేది లేదు. పదండమ్మా, ఇండ్లకి."

కేజ్ అని ఒకరు, రాహువని ఒకరు, వీధి పొడుగునా అరుచుకుంటూ అందరూ వెళ్లిపోయారు.

చిన్నవెంకటమ్మ బయటికొచ్చింది. "ఏమయ్యా, మనుషులు యాడ?"

గోపాలప్ప ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఆమె తిట్టలేదు, గుమ్మంలో కూలబడి ఏడ్చింది. అది చూడలేక ఆయన వీధిలోకి పరిగెత్తి, నోటికొచ్చిన అబద్ధం అరిచేశాడు.

"రాహువైనా, కేజైనా, దాని నీడ మనిషి మీద పడకూడదంట! ఎండ దూరని ఇల్లు ఊర్లో మా పురుగులిల్లు ఒక్కటే!"

ఇంకేముంది! కూలీలే కాదు, పిలవనివాళ్లూ దిగారు. దర్భ వేసిన అన్నం కుండలు, చంటిపిల్లలు, మేకలు. పురుగులింట్లో కాలు పెట్టే చోటు లేదు, వాదన మాత్రం ఆగలేదు.

"అబద్ధాలకోరా! సిగ్గులేదా నీకు?" అని మొగుణ్ని కసిరి, చిన్నవెంకటమ్మ జనం వైపు తిరిగింది. "కాళ్లు కడుక్కోండి! ఊరికే కూర్చునేవాళ్లు ఎండలోకి పోండి!"

దెబ్బకు అందరి చేతులూ తట్టల్లో పడ్డాయి. కేజ్ జట్టు ఒక గోడకు, రాహువు జట్టు ఇంకో గోడకు చేరి, ఒకరి మీదొకరు కోపంతో చకచకా ఏరసాగారు.

అప్పుడొచ్చింది కూతురు రక్షిత, మాలూరు కాలేజీ నుంచి. "నాయనా, ఆ నల్లటిది కెమెరాలో లోపమంట! ఫొటో తీసినోళ్లే..."

చిన్నవెంకటమ్మ చటుక్కున కూతురి నోరు మూసింది. "ఇంగా సగం తట్టలుండాయి. నిజం పొద్దు మునిగినాక చెబుదువులే."

సాయంత్రానికి ఆఖరి పురుగు కూడా చంద్రిక ఎక్కింది. అబద్ధం ఆడినందుకు ఇంకా ఎన్ని చీవాట్లు పడాలోనని గోపాలప్ప గోడవారగా నక్కుతున్నాడు.

"ఏమయ్యా," అంది ఆమె, "వచ్చే పంటకి సూర్యుడిలో ఏమి పెడతావో ముందే చెప్పు, మేకల్ని తేవద్దని చెప్పి పంపిస్తాను."