దేవపాలు సారు జనుము చేను

ఆ వారం దేవపాలు సారు పెట్టుకున్న పని ఒక్కటే. దువ్వూరు రోడ్డు పక్కన తన చేలో జనుము పూతకొచ్చింది. దాన్ని జియావుల్లా ట్రాక్టరుతో దున్నించి మట్టిలో కలిపెయ్యాలి. జనుము ఆకు పశువులకు మేత, నార తాళ్లకు, పచ్చిగా దున్నితే నేలకు ప్రాణం. ముదిరిందంటే మాత్రం వట్టి కట్టె. కాలువ నీళ్లు వదిలేలోగా పని కావాలి, లేకుంటే వరినాట్లు పోయినట్టే.

మిషను బడిలో పాఠాలు చెప్పి రిటైరైన సారుకు ఊళ్లో రెండే ఆస్తులు: ఆ చేను, ఏ పార్టీకీ చెందడన్న పేరు. పైవీధి, కిందివీధి రెండు పార్టీలై బాంబులు విసురుకున్న ఏళ్లలో కూడా రెండు వీధుల్లోనూ కాఫీ తాగిన మనిషి ఆయనొక్కడే. చేనుకంటే ఆ పేరే ఆయనకు ప్రాణం.

అయితే జనుము పువ్వు పసుపు. పైవీధి జెండా పసుపు. ఎన్నికలేమో ముంచుకొచ్చాయి. పైవీధి నాయకుడు నాగభూషణం రోడ్డు మీద జీపు ఆపి, కళ్లనీళ్లు పెట్టుకున్నంత పని చేశాడు.

"ఇన్నాళ్లకు బయటపడినావు సారూ. శానా సంతోషం."

ఇది ఎరువప్పా అని సారు ఎంత చెప్పినా, పాపం భయపడి దాస్తున్నాడనుకున్నాడు. ఒక్క పువ్వు రాలినా ఊరుకోనని అభయమిచ్చి మరీ పోయాడు.

జియావుల్లా కిందివీధి మనిషి. ట్రాక్టరు అడిగితే మొహం తిప్పుకున్నాడు. "మీ పార్టీలో ట్రాక్టర్లు లేవా సార్? ఆడికే పో."

పైవీధిలో అడిగితే, జెండాను దున్నుతారా అని తిట్టారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కిందివీధిలో కాఫీ ఆగిపోయింది. జనుము మాత్రం ఎవరినీ అడక్కుండా ముదురుతోంది. సారుకు అన్నం సహించలేదు.

"ఎరువుకు వెంపలి చల్లమంటే ఇన్యావా?" అంది భార్య ఆనందమ్మ. "దాని పువ్వు ఊదారంగు. ఆ రంగు పార్టీ యాడా లేదు."

ఇంతలో ఆ పూలలో నిలబడి ఫోటో దిగాలని నాగభూషణానికి బుద్ధి పుట్టింది. ప్రొద్దుటూరు నుంచి ఫోటోగ్రాఫరు వచ్చాడు. చేను చుట్టూ ఉన్న ముళ్లకంప పూలకు అడ్డమొస్తోందన్నాడు. నాగభూషణం మనుషులు కంపంతా పీకేసి, ఫోటో కాగానే అందరూ జమ్మలమడుగు సభకు జీపులెక్కారు. కంప మళ్లీ నాటాలన్న ధ్యాస ఒక్కరికీ లేదు.

మర్నాటికి చేలో పువ్వన్నది లేదు. నాగభూషణం మందితో దిగాడు. చేతుల్లో కట్టెలున్నాయి. తన మూలంగా ఊళ్లో మళ్లీ తలలు పగులుతాయని సారు భయపడ్డాడు.

"ఎవరి పని సారూ? పేరు చెప్పు సాలు."

సారు చేలోకి వేలు చూపించాడు. మోళ్ల మధ్య బర్రెలు పడుకుని నింపాదిగా నెమరేస్తున్నాయి. వాటి కొమ్ములకు పసుపు రంగు వేసి ఉంది. ఆ ఊళ్లో బర్రెల కొమ్ములకు రంగు వేయించేది ఒక్క నాగభూషణమే.

మధ్యాహ్నానికి జియావుల్లా పిలవకుండానే ట్రాక్టరు తెచ్చి, మోళ్లూ పేడా కలిపి దున్నిపోయాడు. సాయంత్రం రెండు వీధుల్లోనూ సారుకు కాఫీ దొరికింది. ఊరన్నాక పార్టీ మారిన పేరు ఎవరో ఒకరు మొయ్యాలి కదా. ఈసారి అది సొంత జెండానే మేసిన బర్రెల మీద పడింది.

నాగభూషణం వాటి కొమ్ములకు ఇంకో పూత పసుపు రంగు వేయించాడు.