రాగిపొడి గారి నియామకం

వాడిన వస్తువు మిగలడం నేరమని ఏ చట్టమూ చెప్పదు. చట్టంలోని ఆ లోటును ఒక పరిశోధనశాల స్టోర్సు విభాగం సొంత చొరవతో పూడ్చింది. అక్కడి నిబంధన ప్రకారం రసాయనమన్నది వాడితే అయిపోవాలి. అయిపోలేదంటే వాడనట్టే లెక్క.

ఈ సంగతి తెలియక ఆ శాలలోని ఒక తాత్కాలిక పరిశోధకురాలు పాపం రాగిపొడి తయారుచేసుకుంది. కంటికి ఆనని నలుసులు. రెండు మొండి రసాయనాలు ఎంత వేడిచేసినా ఒకదాని మొహం ఒకటి చూడవు. ఈ పొడి చిటికెడు పడిందా, సంబంధాలు కుదిర్చే పెద్దమనిషిలా రెండింటినీ కలిపేసి తాను పక్కకు తప్పుకుంటుంది. వడగట్టి, కడిగి, ఆరబెట్టి మళ్ళీ వాడుకోవచ్చు. అలా నాలుగుసార్లు వాడింది. అయిదోసారి కూడా పనిచేస్తే పరిశోధన గట్టెక్కుతుంది, ఉద్యోగం ఖాయమవుతుందన్న ఆశ. అందుకు కాస్త ద్రావకం కావాలని, పొడి ఉన్న సీసా చేత్తో పట్టుకుని స్టోర్సుకు వెళ్ళింది.

"పాత పొడి ఖర్చయిందా?" అన్నాడు స్టోర్సు అధికారి.

"లేదండీ. వాడాను, మిగిలింది."

"ఎంత మిగిలింది?"

"మొత్తం."

ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. (రంధ్రాన్వేషణకు ముందు అక్కడ అదే ఆనవాయితీ.)

"చూడండమ్మా, పని జరగాలి, సరుకు తరగాలి. పని జరిగీ సరుకు తరగలేదంటే రెండింట్లో ఒకటి అబద్ధం" అంటూ సీసాను బీరువాలో పెట్టి తాళం వేశాడు.

ఆమె ఇంటికెళ్ళి అత్తగారికి చెప్పుకుని ఏడ్చినంత పని చేసింది. అత్తగారు గిన్నె తోమడం ఆపకుండానే తీర్పు చెప్పేసింది.

"అన్నం తిన్నాక గిన్నె కూడా తినేయమంటాడేమిటే అమ్మాయీ ఆయన? రేపు ఆ మాటే అడుగు."

అడిగింది. అదే పొరపాటయింది.

"గిన్నెలాంటిదా! అయితే సామాను!" అధికారి మొహం చాటంతయింది. "ముందే చెప్పొచ్చు కదమ్మా! సామానుకి నంబరు వేయిస్తే సరిపోతుంది. విడివిడిగా, ఒక్కోదానికీ."

మధ్యాహ్నానికల్లా రంగు డబ్బా, కుంచె పట్టుకుని పెయింటరు దిగాడు. సీసాలోకి ఒంటికన్నుతో తొంగిచూశాడు.

"అమ్మా, ఒకటో నంబరు ఎటువైపుంది?"

ఆమె కూడా వంగి సీసాలోకి చూసింది.

"ఊపిరి తగిలితేనే కదిలిపోతున్నాయి. కాస్త వరసలో నిలబెట్టి కబురు పెట్టండి, వస్తాను" అని అతను కుంచె కడుక్కుని వెళ్ళిపోయాడు.

ఖర్చయ్యే సరుకు కాదు, సామానూ కాదు. నిబంధనల్లో ఇక మిగిలింది సిబ్బంది ఒక్కటే. ఉన్నత సంఘం కూర్చుంది. పని జరిగేచోట ఉంటుంది, అరగదు, ఎవరెంత కలియబెట్టినా తాను మారదు, ఎలా లోపలికి వెళ్ళిందో అలాగే బయటికొస్తుంది: పర్మనెంటు ఉద్యోగి లక్షణాలన్నీ పుష్కలంగా ఉన్నాయని తేల్చింది. (ఎదుటివాళ్ళ పనిని వేగవంతం చేస్తుందని ఎవరో ఫిర్యాదు చేశారు గానీ, తోటి సిబ్బందిలో ఆ ఛాయలు కనిపించకపోవడంతో కొట్టేశారు.) రాగిపొడి గారికి కుర్చీ, ఫ్యాను, బల్లమీద పేరుపలక ఏర్పాటయ్యాయి.

"ఇప్పుడైనా ఇస్తారా అండీ?" అంది పరిశోధకురాలు.

"ఇవ్వడమేమిటి, ఆయన మీకు సీనియరు. వెళ్ళి మర్యాదగా అడగండి."

ఆమె అటూ ఇటూ చూసి, కుర్చీ ముందు చేతులు కట్టుకుని నిలబడింది. "రాగి గారూ, ఒక్కపూట వచ్చి వెళ్ళండి" అని బతిమాలింది. సీసా పలకలేదు. మౌనం అర్ధాంగీకారం కనుక, మిగతా సగం అధికారి మంజూరు చేశాడు. ద్రావకం కూడా అప్పుడే ఇప్పించాడు, సీనియరు గారి పేరున.

అయిదోసారీ పొడి పనిచేసింది. వీసమెత్తు తగ్గలేదు. ఆమె పట్టలేని సంతోషంతో ఫోన్ చేసి "అత్తయ్యా, గిన్నె నిలిచింది!" అని అరిచింది. వెంటనే తన ఉద్యోగం సంగతి అడగడానికి పరిగెత్తింది.

"బ్రహ్మాండమమ్మా" అన్నాడు అధికారి. "కానీ ఉన్న ఒక్క పర్మనెంటు పోస్టూ మొన్ననే నిండిపోయింది."

ఆ నెలాఖరుకు ఆమె గడువు తీరింది. వీడ్కోలు సభకు రాగిపొడి గారే అధ్యక్షత వహించారు. ఆ శాల చరిత్రలో ఇంత క్లుప్తంగా మాట్లాడిన అధ్యక్షుడు లేడని అందరూ మెచ్చుకున్నారు.