కాగితపు నక్షత్రమున దుర్గభేదనము

బంగాళాఖాతపు ఉప్పుగాలి వరినాట్లను దువ్వి, హైవే లారీల ధూళిని ధిక్కరించి, మనుబోలు మేడలపై ఆరేసిన చీరలతో మల్లయుద్ధము చేయుచున్న ఒకానొక డిసెంబరు సాయంకాలమున, క్రీస్తుదాసు గారి వసారాలో కాఫీలు చల్లారిపోయేంత సేపటినుండి ఒక ఘోర వాగ్యుద్ధం సాగుతున్నది. దానికి మూలం, పోయిన క్రిస్మస్‌కు కట్టి, బద్ధకమనే కులదైవాన్ని కొలుస్తూ ఏడాదంతా దింపకుండా వదిలేసిన కాగితపు స్టార్. దాని గర్భాన రెండు బల్లిగుడ్లు.

"ఇంకాసేపటికి క్యారల్స్ వాళ్ళొస్తారు. వీధంతా స్టార్లు వెలగతా ఉంటే సంఘపెద్ద ఇల్లు చీకటిగా ఉండాల్నా?" అన్నాడు క్రీస్తుదాసు, కొత్త బల్బుతో స్టూలెక్కి.

"బల్బు వేడికి లోపల ఉడికిపోతాయి నాన్నా," అన్నది నెల్లూరు కాలేజీలో జువాలజీ చదివే కూతురు ఫేబీ.

"ఉడికితే మీ నాన్నకే పెట్టు," అన్నది మంచం మీదనుంచి నానమ్మ రెబెక్కమ్మ.

అంతట రంగప్రవేశం చేసింది సమ్మార్జనీకోదండధారిణి, బొద్దింకకులాంతకి, బల్లిని చూస్తే మాత్రం బీరువా చాటుకు తప్పుకొనే ధీరవనిత, ఇల్లాలు ఎలిశబెతు. పోయినేడు వీధిలో మొదట వెలిగిన స్టార్ తమదేనని ఊరంతా చెప్పుకున్నది ఆవిడే. "ఓరీ భిత్తిచరాధములారా, మా గృహకీర్తిజ్యోతిని ఆర్పజూచెదరా!" అని గర్జించదలచింది. నోట వచ్చింది మాత్రం, "ఏమండీ, స్టూలు గట్టిగా పట్టుకోండి, నాకు భయం" అని.

భర్త దిగాడు. ఆమె ఎక్కింది. చీపురు ఎత్తింది. ఫేబీ ఫోన్ టార్చి వేసింది. ఒక గుడ్డు కదిలింది.

చీపురు గాలిలో ఆగిపోయింది.

"లోపలి పిల్ల పెంకును పన్నుతో కోస్తోందిమా," అన్నది ఫేబీ మెల్లగా. "కోడిపిల్లకుండేది ముక్కుమీద బొడిపె. దీనిది నిజం పన్ను. గుడ్డులో ఉన్నప్పుడే పైదవడ ముందు మొలిచి, మిగతా పళ్ళకన్నా పెద్దదై ముందుకు వాలుతుంది. మొదట రెండు మొలిచినా, పాములకీ, తొండలకీ ఒకటే మిగుల్తుంది. మనింటి బల్లికి రెండూ ఉంటాయి."

"తర్వాత?"

"బయటికొచ్చినాక రాలిపోతాయి. వాటితో ఇంక పనిలేదు గదా."

మిరియాలపొడి పొట్లాన్ని కత్తెర వెతికే ఓపికలేక కొరికి, పోయిన నెలే ముందుపన్ను మొన విరగ్గొట్టుకున్న ఎలిశబెతు నాలుక, తనకు తెలియకుండానే ఆ గరుకు అంచును తడిమింది.

ఇక ఆ సమరమేమని వర్ణింతుము! ఆవగింజలో పదోవంతైనా లేని దంతద్వయమే ఖడ్గముగా, సున్నపుగోడయే శత్రుదుర్గముగా, సేనలేక, సారథిలేక, ప్రోత్సహించు బంధుమిత్రులు లేక, పొడిచి, అలసి, ఆగి, మరల పొడిచి, ప్రాకారమున వెంట్రుకవాసి బీట తీసి, ఆ బీటను ద్వారముగా విస్తరించి, తడిసిన శిరస్సును లోకమునకు చూపెను ఆ శిశువీరుడు. చూపి, నలుదిక్కులను పరికించి, దగ్గరలోని ఆధారమును నిశ్చయించుకొని, ఎలిశబెతు చీపురుమీదికి ఎక్కెను.

ఆమె చీపురు విసరలేదు. కేకవేయలేదు. కళ్ళు గట్టిగా మూసుకుని, చేతిని గోడదాకా చాచింది. వాడు గోడెక్కి, ట్యూబులైటు వెనక్కి దూరాడు. ఆ వంశచరిత్రలో ఒక బల్లి ఎదుట ఎలిశబెతు నిలబడిన మొదటి దినమదే. జయమెవరిదని ఎవరైనా అడిగితే ఇరుపక్షాలదీ అని చెప్పక తప్పదు.

"అయిపోయింది గదా, ఇంక బల్బు పెడతా," అన్నాడు క్రీస్తుదాసు.

ఆమె స్టూలు దిగి, ఆయన చేతిలోని బల్బు తీసుకుని కొంగుతో తుడిచి, అలమరలో పెట్టి తలుపు మూసింది.

"ఇంకోటి ఉంది లోపల. అది బయటికొచ్చేదాకా మన స్టార్ వెలగదు," అన్నది ఎవరివైపూ చూడకుండా. "క్యారల్స్ వాళ్ళకి నేను చెప్పుకుంటాలే. డప్పు కాస్త నిదానంగా కొట్టమంటా."