ముద్దపప్పు కాలేజీకి కొత్త పేరు

ఆ సంవత్సరం జూలై ఒకటో తేదీన రాష్ట్రంలోని కాలేజీలకున్న మంచిపేర్లకూ చెడ్డపేర్లకూ సాధారణ బదిలీలు జరిగాయి. కోటిపాలెంలో కాలవకు తూర్పునున్న ముద్దపప్పు కాలేజీకి అద్దాల కాలేజీ పేరు వచ్చింది. కాలవకు పడమరనున్న అద్దాల కాలేజీకి ముద్దపప్పు పేరు వెళ్ళింది. కాలేజీలు కదల్లేదు. భవనాలు, బెంచీలు, ప్రిన్సిపాళ్ళు అంతా ఎక్కడివక్కడే ఉన్నాయి. పేర్లు మాత్రమే వంతెన దాటాయి.

నిబంధనల ప్రకారం ఒక పేరు ఒకే కాలేజీలో పదేళ్ళకు మించి ఉండకూడదు. అయితే 'ఉద్యోగాలొచ్చే కాలేజీ' అనే పేరున్నవాళ్ళెవరో కోర్టుకెళ్ళి స్టే తెచ్చుకోవడంతో బదిలీలన్నీ నలభైనాలుగేళ్ళు ఆగిపోయాయి. స్టే తొలగిపోయాక ప్రభుత్వం ఆ ఆలస్యాన్ని సరిచేయడానికి, ఉత్తర్వు 1980 జూన్ నుంచే అమల్లో ఉన్నట్టు భావించాలని రాసింది. అప్పటినుంచి చదివినవాళ్ళందరి కాలేజీ రోజులూ కొత్త పేరుకు తగ్గట్టుగా మారతాయి. పాత జ్ఞాపకాలు ముప్పయ్యో రోజు సాయంత్రం ఐదు గంటల వరకే ఉంటాయి. ఏ కాలేజీలోనూ చదవనివారికి ఈ ఉత్తర్వు వర్తించదు.

అమ్మాజీ ఏ కాలేజీలోనూ చదవలేదు. ఆమె పదో తరగతి పాసైన ఏడాది వాళ్ళ నాన్న రెండు కాలేజీల గురించీ నాలుగు రోజులు ఆలోచించి, "అటు పంపితే అద్దాలు పగలగొడుతుంది, ఇటు పంపితే నోరే పెగలదు. ఎందుకొచ్చిన గొడవ" అని ఇంట్లోనే ఉంచేశాడు. అప్పటికే ఆమె అన్నయ్య బుల్లిరాజు అద్దాల కాలేజీలో ఉన్నాడు. ఆ కాలేజీ మలుపు రాగానే బస్సు కండక్టర్లు కిటికీల షట్టర్లు దించుకోమని కేకలేసేవారు. కూతురికి పెళ్ళి వయసొచ్చాక మాత్రం ఆయన ఎక్కువ ఆలోచించలేదు. కుర్రాడు ముద్దపప్పు కాలేజీ అని తెలియగానే మిగతా వాకబు మానేశాడు. తలవంచుకుని వెళ్ళి తలవంచుకుని వచ్చేవాళ్ళని, మాస్టారు రాకపోయినా క్లాసులో కూర్చుని చదువుకునేవాళ్ళని ఆ కాలేజీకి జిల్లా అంతా పేరు. అలా అమ్మాజీకి గోవర్ధనంతో పెళ్ళయింది. అతను తపాలా ఆఫీసులో ముప్పైఆరేళ్ళు పనిచేసి, ఒక్కరితోనూ పేచీ పడకుండా రిటైరయ్యాడు.

జూలై మూడో తేదీ ఉదయం గోవర్ధనం పెసరట్టు తింటుండగా అమ్మాజీ అతని ఎడమ కనుబొమ మీద మచ్చ చూసింది. నాలుగు కుట్ల మచ్చ. చూడ్డానికి పాతదే, నిన్నటిదాకా మాత్రం అక్కడ లేదు.

"బస్సు అద్దం గీరింది" అన్నాడు గోవర్ధనం, కాస్త సిగ్గుపడుతూ. "ఎనభైరెండులో."

"మా నాన్న ఉండుంటే మిమ్మల్ని గుమ్మం ఎక్కనిచ్చేవాడు కాదు" అంది అమ్మాజీ, ఇంకో అట్టు వడ్డిస్తూ. అతను నవ్వాడు. అంత గట్టిగా నవ్వడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

ఆదివారం బుల్లిరాజు భోజనానికి వచ్చాడు. బజారులో అతనికి ఎరువుల కొట్టుంది. ఆదివారాలు చెల్లెలింట్లో తిని, తిన్నాక బస్సు కథ చెప్పడం అతని అలవాటు. ఆ కథ అమ్మాజీకి కంఠతా వచ్చు. స్టాపులో ఆపకుండా వెళ్ళిపోయే బస్సుకు అడ్డంగా నిలబడటం, ఒకే ఒక్క రాయి, ముందరి అద్దం పటికబెల్లం ముక్కల్లా రాలిపోవడం, కాంపౌండరు మత్తు లేకుండా కుట్లు వేస్తుంటే సోడా తాగుతూ కూర్చోవడం. ఆ రోజు బుల్లిరాజు నుదురు నున్నగా ఉంది. పెరుగన్నం తిని, విస్తరాకు మడిచి, నిశ్శబ్దంగా వసారాలో కూర్చున్నాడు.

కథ గోవర్ధనం చెప్పాడు.

"ఆపడని తెలుసు బావా. అయినా నిలబడ్డాను. అప్పుడు వెనక్కి తగ్గితే కాలేజీ పరువేం కావాలి?"

బావమరిది, బావ ఇద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు. బుల్లిరాజు కొత్త కథ వింటున్నట్టు నోరు తెరుచుకుని విన్నాడు. అద్దం రాలిన చోట గోవర్ధనం ఆగి, "అమ్మాజీ, కాసిని మంచినీళ్ళు" అన్నాడు. అన్నయ్య కూడా ఎప్పుడూ అక్కడే ఆగి నీళ్ళడిగేవాడని నీళ్ళు తెస్తూ అమ్మాజీ గుర్తుచేసుకుంది. నీళ్ళు తాగాక కథ తిన్నగా కాంపౌండరు దగ్గరికి పోయేది. ఇప్పుడూ అలాగే పోయింది.

ఆ సాయంత్రం ఆమె గోవర్ధనాన్ని అడిగింది. "మరి మీ మొక్క సంగతి?"

"ఏ మొక్క?" అన్నాడు. కనుబొమ మీది మచ్చ తడుముకుని, "ఆఁ, అది. ఇంకా ఉంది. ముప్పయ్యో తేదీ దాకా ఉంటుందట" అన్నాడు.

అది అతని దగ్గరున్న ఒకే ఒక్క కాలేజీ కథ. పెళ్ళయిన రెండో వారంలో, వాన పడుతుంటే, ఇదే వసారాలో చెప్పాడు. అంతవరకు అతను ఆమెతో ఒకేసారి రెండు మాటలకు మించి మాట్లాడలేదు. డిగ్రీ రెండో ఏడాదిలో వృక్షశాస్త్రం చెప్పే సోమయాజులు మాస్టారు క్లాసు మొత్తాన్ని ఊరిచివర ఎర్రమట్టి దిబ్బలకు తీసుకెళ్ళారు. అందరూ పెద్ద పెద్ద ఆకులు కోసుకుంటుంటే, నీటి ఊట పక్కన గోవర్ధనానికి రూపాయి బిళ్ళంత ఎర్రటి మొక్క కనిపించింది. దాని ఆకుల నిండా సన్నటి నూగు, ప్రతి నూగు చివరా తేనెబొట్టులాంటి జిగురు. ఒక జిగురుబొట్టులో దోమ చిక్కుకుని ఉంది. మాస్టారు బురదలోనే మోకాళ్ళ మీద కూర్చుండిపోయారు. "పదిహేడేళ్ళుగా దీనికోసం వెతుకుతున్నానురా" అని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అందరికీ మిరపకాయ బజ్జీలు కొనిపెట్టారు. మొక్కను ఆరబెట్టి అట్ట మీద అతికించి, కింద తన చేత్తో రాశారు: 'సేకరించినవాడు గోవర్ధనం'.

అది చెప్పి గోవర్ధనం ఆ రోజు తన కుడి చూపుడువేలు చూసుకున్నాడు, ఇంకా జిగురంటుకుని ఉన్నట్టు. అమ్మాజీ ఆ వేలు పట్టుకుంది. వాళ్ళ కాపురం అక్కడినుంచి మొదలైందని ఆమె లెక్క. ఏటా తొలకరి పడగానే మొక్క కథ అడిగి చెప్పించుకునేది.

సోమవారం ఆమె కలెక్టరేటుకు వెళ్ళింది. పేరుప్రతిష్ఠల బదిలీ విభాగం రెండో అంతస్తులో, తూనికలు కొలతల శాఖ పక్కన ఉంది. వరండాలో చాలామంది పెద్దవాళ్ళు కొత్త జ్ఞాపకాలు అందలేదని ఫిర్యాదులు పట్టుకుని నిలబడి ఉన్నారు. గుమాస్తా మర్యాదస్థుడు. ఆమెకు కుర్చీ వేయించాడు.

"ఆయ్, చెప్పండమ్మా."

"మా ఆయన జ్ఞాపకం ఒకటి ఉంచెయ్యాలి బాబూ. కొత్తవన్నీ ఇవ్వండి, మేం కాదనం. అదొక్కటీ తియ్యొద్దు."

"విడిగా ఉంచడానికి రూలు లేదండి. పేరు మొత్తంగా వస్తుంది, మొత్తంగా పోతుంది. కావాలంటే అభ్యంతర పత్రం పెట్టుకోవచ్చు. ఇచ్చినాయనా పుచ్చుకున్నాయనా ఇద్దరూ సంతకాలు పెట్టాలండి." అతను పత్రం తీసి నింపబోతూ ఆగాడు. "తమరే కాలేజీ అండి?"

"నేను కాలేజీకెళ్ళలేదు."

"అయితే సాక్షి గడి ఖాళీగా వదిలేద్దామండి. తమకు గుర్తున్నదాన్ని మేం పరిగణించలేం." ఆమె మొహం చూసి, "ఏమీ అనుకోకండి. తమరు చెప్పేది అబద్ధమని కాదు" అన్నాడు.

సాక్ష్యంగా అట్టనైనా చూపిద్దామని ఆమె అటునుంచి అటే తూర్పు కాలేజీకి వెళ్ళింది. వృక్షశాస్త్రం ల్యాబులో రూతమ్మ అనే అటెండరు అలమార సర్దుతోంది. కలరా ఉండల వాసన వస్తోంది.

"మొక్కల అట్టలా? మొన్న శనివారమే మూటలు కట్టి అవతలి కాలేజీకి పంపేశామమ్మా" అంది రూతమ్మ. "మాకు ఇరవైమూడు రాళ్ళు పంపారు. చీటీలు అతికించి, తేదీల వరసన పెట్టమన్నారు."

అలమార కింది అరలో కంకర రాళ్ళు బారుగా ఉన్నాయి. ఒకదాని చీటీ మీద ఎర్ర సిరాతో రాసి ఉంది: 'విసిరినవాడు గోవర్ధనం'. అమ్మాజీ దాన్ని చేతిలోకి తీసుకుని చూసింది. అరచేతిలో పట్టేంత రాయి, ఒకవైపు పదునుగా ఉంది. తిరిగి పెట్టేసింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర పత్రం గోవర్ధనం ముందు పెట్టింది. అతను రెండుసార్లు చదివాడు. తపాలా ఆఫీసులో పనిచేసినవాడు కనక అచ్చుతప్పు కూడా చూపించాడు.

"ఇరవైయేళ్ళ వయసులో నాకేమీ జరగలేదు అమ్మాజీ" అన్నాడు. "అందరూ చెప్పుకుంటుంటే వింటూ కూర్చునేవాణ్ణి. ఆఫీసులో, పెళ్ళిళ్ళలో, మీ అన్నయ్య ముందు. నాది ముద్దపప్పు కాలేజీ అనగానే జనం నవ్వేసి అవతలివాడి వైపు తిరిగేవారు. ఇప్పుడు నాకూ ఒకటి జరిగింది."

"మొక్క దొరకడం జరగడం కాదా?"

"ఒక్క మొక్కేగా" అన్నాడు గోవర్ధనం మెల్లిగా. ఆమెను నొప్పించాలని అనలేదు. పత్రం మడిచి ఆమె చేతికిచ్చి, "బావ పెడితే నేనూ పెడతాను" అన్నాడు.

మర్నాడు ఆమె ఎరువుల కొట్టుకు వెళ్ళింది. అన్నయ్య గల్లాపెట్టె పక్కన కూర్చుని విత్తనాల సంచి మీద అచ్చయిన సూచనలు శ్రద్ధగా చదువుతున్నాడు. అతను చదవడం ఆమె చూడటం అదే మొదలు. సంతకం కోసం పత్రం అతని ముందు పెట్టింది.

"నీ కథ ఆయన చెప్పుకుంటున్నారు అన్నయ్యా. నీకేమీ అనిపించట్లేదా? నలభైయేళ్ళు చెప్పావు."

బుల్లిరాజు పనివాళ్ళు వినకుండా గొంతు తగ్గించాడు. "నేనెప్పుడైనా మొత్తం చెప్పానా?"

ఆమెకు అర్థం కాలేదు.

"అద్దం పగిలాక నీళ్ళడిగేవాణ్ణి చూడు. అక్కడ ఇంకో ముక్కుంది. ఆ రాయి ఆగలేదమ్మా. లోపల కండక్టరుకి తగిలింది. పెద్దాయన. కన్ను పట్టుకుని మెట్ల మీద కూర్చుండిపోయాడు. వేళ్ళ సందుల్లోంచి రక్తం కారుతోంది. నావైపు చూసి, 'బాబూ, టికెట్ల పెట్టె జాగ్రత్త' అన్నాడు. ఏమనుకుని అన్నాడో. నేను పారిపోయాను. నా నుదుటి దెబ్బ పరిగెడుతూ పడ్డదే. ఆయన కన్నేమైందో ఇప్పటికీ తెలీదు. తెలుసుకోలేదు."

అమ్మాజీ ఎరువుల బస్తా మీద కూర్చుంది.

"ఈ వారం రోజులుగా అది పలచబడుతోంది" అన్నాడు బుల్లిరాజు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ మొహం తేటగా ఉంది. "దాని బదులు ఏదో ఎర్రమట్టి, వాన, బురదలో కూర్చున్న మాస్టారొకాయన వస్తున్నారు. నన్ను చూసి సంతోషపడుతున్నారు. కాలేజీలో నన్ను చూసి ఎవరైనా సంతోషపడ్డారా అమ్మాజీ? ఆ సంతకం మాత్రం అడక్కు."

"మరి ఆ కండక్టరు ఇప్పుడు ఆయన దగ్గరికెళ్ళాడు కదా?"

బుల్లిరాజు సంచి మీది అక్షరాల వైపు చూస్తూ ఉండిపోయాడు.

ఇంటికొచ్చాక ఆమె భర్తను కనిపెట్టి చూసింది. పగలంతా హుషారుగానే ఉన్నాడు. పార్కులో అతని చుట్టూ కొత్త స్నేహితులు చేరారు. వాళ్ళంతా తూర్పు కాలేజీ పాత విద్యార్థులే, మోకాళ్ళ నొప్పులవాళ్ళు, తాము దూకిన గోడల ఎత్తులు చెప్పుకుంటున్నారు. కానీ ఒక మధ్యాహ్నం అతను వసారాలో ఒంటరిగా తన కుడి అరచెయ్యి తెరిచి చూసుకుంటున్నాడు.

"ఏంటండీ?"

"ఏమీ లేదు" అన్నాడు, చెయ్యి మూసేసి. ఆమె పక్కన కూర్చుని ఆ చెయ్యి పట్టుకుంది. అతను కాదనలేదు. అద్దం రాలాక జరిగిన ముక్క అతను ఆమెకు చెప్పలేదు, ఆమె తనకు తెలుసని చెప్పలేదు.

ముప్పయ్యో రోజున వాన పడింది. నాలుగున్నరకు అమ్మాజీ, "ఒక్కసారి మొక్క కథ చెప్పండి" అంది. గోవర్ధనం చెప్పాడు. దిబ్బలు, ఊట, దోమ, బజ్జీలు. మధ్యలో మాస్టారి పేరు తట్టక ఆమెనడిగాడు. ఆమె అందించింది. అట్ట మీద పేరు రాసిన చోటికి వచ్చేసరికి గోడగడియారం ఐదు కొట్టింది. అతను కాసేపు వాన చూసి, "ఇంతకీ ఎవరి గురించి చెబుతున్నాను?" అన్నాడు.

"మా అన్నయ్య గురించి" అంది అమ్మాజీ.

సంక్షేమ పథకాల కాగితాలతో పాటు అభ్యంతర పత్రాన్ని కూడా ఆమె బీరువాలో పెట్టేసింది.

కార్తీకమాసంలో మేడమీది వాటాలోకి ప్రమీల అని ఒకామె కాపురానికొచ్చింది. ఒక ఆదివారం బుల్లిరాజు భోంచేసి, పెరట్లో మందారానికి పట్టిన తెల్లపురుగును ఈనెపుల్లతో ఒక్కొక్కటే తీసి వెళ్ళాక, "మీ అన్నయ్యగారు ఎంత నెమ్మదస్థులండీ" అంది ప్రమీల.

"అవతలి కాలేజీ వాళ్ళంతా అంతేనండి" అంది అమ్మాజీ. "మా ఆయనవాళ్ళ కాలేజీలా కాదు."

మాటల్లో మొక్క కథ చెప్పింది. ఎర్రమట్టి దిబ్బల దగ్గర అన్నయ్యకు దొరకడం, మాస్టారు కళ్ళజోడు తుడుచుకోవడం చెప్పింది. ఆ సాయంత్రం అన్నయ్య తడిసి ముద్దయి ఇంటికొచ్చాడని, నాన్న తన కండువాతో అతని తల తుడిచాడని, తాను పదిహేనేళ్ళ పిల్లగా గుమ్మంలో నిలబడి చూస్తుంటే అతను జిగురంటిన వేలు చూపించాడని కూడా చెప్పింది. అవి ఎవరూ ఆమెకు చెప్పినవి కావు. ఉత్తర్వు ఆమెకు వర్తించదు. అయినా చెబుతుంటే నాన్న కండువా అంచు రంగు కూడా కనిపించింది, ఆకుపచ్చ.

"మీకెంత బాగా గుర్తుందండీ!" అంది ప్రమీల.

"మర్చిపోతామా అండీ, సొంత అన్నయ్య సంగతి" అంది అమ్మాజీ.