ప్రస్థానం పెట్టిన సంచి

పెళ్ళయిన పదిహేడేళ్ళకు అమర్‌నాథ్‌కు నల్లమల అడవి దారి కుదిరింది. కుదిర్చింది మూఢం. వికారాబాద్ బజారులో అతనిది స్టీలు సామాన్ల దుకాణం. ఎండాకాలం వస్తే పెళ్ళిళ్ళు, పెళ్ళిళ్ళు వస్తే బిందెలు, బిందెల బేరం మొదలైతే అమర్‌నాథ్ గల్లాపెట్టె దగ్గరి నుంచి కదిలేది లేదు. ఈసారి వేసవంతా మూఢం పడి పెళ్ళిళ్ళే లేకుండా పోయాయి. బజారులో అందరూ తలలు పట్టుకుంటే అతనొక్కడు పంచాంగానికి దండం పెట్టుకున్నాడు.

బుధవారం పొద్దున టీ తాగుతూ, వంటింటి గట్టు మీద గిన్నె, చెంచాలు పేర్చి భార్య సాహిత్యకు దారి చూపించాడు.

"గీ గిన్నె మన్ననూరు. ఇక్కడికెళ్లి అడవి షురూ. రాత్రికి ఇక్కడనే కాటేజీల ఉంటం. తెల్లారి ఘాట్ రోడ్డు, మలుపు మీద మలుపు. గా అట్లకాడ ఉన్నదే, అదే శ్రీశైలం. మస్తుంటది సాహిత్యా!"

"శ్రీశైలం జర ఇటియ్యండ్రి, దోసె మాడుతున్నది," అంది సాహిత్య. మాట అలా అన్నా ఆమెకు రాత్రంతా నిద్ర లేదు. రెండు రెయిన్‌కోట్లు, తాడు, టార్చి, పంచరు సామాను, బట్టలు అన్నీ నల్ల సంచిలో సర్ది, తీసి, మళ్ళీ సర్దింది. హైదరాబాద్ హాస్టల్లో ఉన్న కొడుకు నిఖిల్‌కు ఫోన్ చేసి, మేము లేనప్పుడు ఇంటికి రావద్దని కూడా చెప్పింది.

పూజ ముగించుకొని వచ్చిన అత్తగారు అనసూయమ్మ చెంచాల వైపు చూసింది. "శ్రీశైలం దాక పోతరా?" అంది. ఎవరూ పట్టించుకోలేదు. "శ్రీశైలం దాకనే పోతరా?" అని మళ్ళీ అడిగింది. కొడుకు అవునన్నాడు. ఆమె అసలు సంగతి ఎత్తింది.

"రేపు బేస్తారం. బేస్తారం దక్షిణానికి శూల. ఎట్ల పోతరు?"

"అమ్మా, రూము బుక్ చేసిన. ఆదివారం మళ్ల దుకాణం తెరవాలె. దేవుడు ఏమనుకోడు."

"దేవుడు అనుకోడు బిడ్డా. శూల అనుకుంటది. ఫికర్ ఎందుకు? ప్రస్థానం పెట్టుండ్రి."

తెలియనివారి కోసం ఒక మాట. బయలుదేరే రోజు మంచిది కాకపోతే, ముందు రోజే మంచి గడియ చూసి, వెళ్ళే దిక్కున ఉన్న వేరేవాళ్ళ ఇంట్లో సామాను పెడతారు. సామాను గడప దాటిందంటే ప్రయాణం మొదలైనట్టే. మర్నాడు మనిషి వట్టి చేతులతో వెళ్ళి, సామాను తీసుకొని అటు నుంచి అటే పోతాడు. శూల వచ్చి కాపు కాసేసరికి మనం నిన్ననే వెళ్ళిపోయిన లెక్క.

అనసూయమ్మ నియమాలు చెప్పింది. "పెట్టినదాన్ని ఇడిసిపోవద్దు, ఎంట తీస్కపోవాలె. అది మళ్ల మనింట్లకొస్తె పయనం అయిపోయినట్టె. ఇంకోటి, వట్టి బట్టలు పెడితె కాదు. అది లేకుంటె నీకు నడవదన్న వస్తువు ఒకటి అందుల ఉండాలె."

అమర్‌నాథ్ తల్లి మాట జవదాటేవాడు కాదు. డ్రైవింగ్ లైసెన్సు తీసి సంచిలో వేశాడు. సాయంత్రం మంచి గడియలో, దక్షిణం వైపు రెండిళ్ళ అవతల ఉన్న జనార్దన్ ఇంట్లో సంచి పెట్టి వచ్చాడు. జనార్దన్ భార్య ఇంద్రమ్మ దాన్ని గడప పక్కనే, తన సంచుల వరుసలో భద్రంగా పెట్టింది. ఆమె సంచులు అక్కడ ఎందుకున్నాయో ఎవరూ అడగలేదు.

గురువారం తెల్లవారుతుండగా భార్యాభర్తలు హెల్మెట్లు పెట్టుకొని, బండి మీద జనార్దన్ ఇంటి ముందు ఆగారు. ఇంటికి తాళం వేసి ఉంది. పాలు పోసే బీరయ్య క్యానుతో ఎదురొచ్చాడు.

"ఆళ్ల బిడ్డ ప్రణవికి అత్తగారింట్ల నొప్పులొచ్చినయంట సేటూ. నాలుగింటికే కార్ల తాండూరు దవాఖానకు ఉరికిన్రు. గడపకాడున్న సంచులన్ని నేనే ఎక్కిచ్చిన," అన్నాడు, మెప్పు కోసం చూస్తూ.

అమర్‌నాథ్ ఫోన్ చేస్తే జనార్దన్ ఎత్తలేదు. "తాండూరు పోయి తెచ్చుకుందం. గంట పని," అంటూ కిక్కు కొట్టబోయాడు. సాహిత్య అతని భుజం తట్టింది.

"మీ లైసెన్సు ఏది?"

"సంచిల ఉన్నది."

"సంచి తాండూర్ల ఉన్నది. నాది నా పర్సులనే ఉన్నది. దిగుండ్రి."

సాహిత్య పుట్టిల్లు తాండూరు. పెళ్ళికి ముందు నాపరాళ్ళ లారీల మధ్య తండ్రి బండి నడిపిన మనిషి. పెళ్ళయ్యాక ఆ సంగతి ఎవరికీ అక్కర రాలేదు. అనంతగిరి మలుపులు రాగానే ఆ చేతులకు అన్నీ గుర్తొచ్చాయి. రేల చెట్లు పచ్చగా పూసి ఉన్నాయి. గాలి చల్లగా ఉంది. బండి మలుపు మలుపుకూ వంగి లేస్తుంటే ఆమె పెద్దగా నవ్వింది. పదిహేడేళ్ళలో అంత సంతోషం ఆమె ఎరుగదు. వెనక అమర్‌నాథ్ భయంతో ఒర్రిన ఒర్రుడుకు అడవిలో కోతులు దారి ఇచ్చాయి.

ఆసుపత్రిలో ఇంద్రమ్మ ఎదురొచ్చి ఇద్దరి నోట్లో పేడాలు కుక్కింది. "మనుమరాలు పుట్టింది సేటూ! పొద్దు పొడుస్తుంటే పుట్టింది!"

"శుభం పెద్దమ్మా. మా సంచి?"

"అయ్యో, అది మీదా! చంటిపిల్ల బట్టల సంచి అనుకొని ఇప్పితే రెయిన్‌కోట్లు, తాడు, పంచరు సామాను. నర్సమ్మ చూసి, కాన్పుకు వచ్చిన్రా, కొండెక్క వచ్చిన్రా అని నన్ను అర్సింది. ఇక్కడ అడ్డమని మా వియ్యంకుడు జంగప్పతోని దౌల్తాబాద్ పంపిన. మీరు ఎట్లాగు అటే పోతరు గద, గీ పేడాల డబ్బా జంగప్ప తల్లికి ఇయ్యుండ్రి."

దౌల్తాబాద్‌లో జంగప్ప లేడు. సంచిలో లైసెన్సు చూసి, పరాయి సొమ్ము మనకెందుకని, దాన్ని తిరిగి ఇవ్వడానికి జీపులో వికారాబాద్ బయలుదేరాడట. అంత నిజాయితీపరుణ్ణి అమర్‌నాథ్ జన్మలో మొదటిసారి తిట్టుకున్నాడు. జంగప్ప తల్లి పేడా చప్పరిస్తూ వాళ్ళను కదలనివ్వలేదు. "ఊట మాడ్రి, ఊట మాడ్రి," అని కన్నడంలో గదమాయించి జొన్నరొట్టె, పుంటికూర పెట్టింది. తిన్నాక అటక మీద నుంచి ఒక కట్టె తొట్టెల దింపించింది. జంగప్ప ఊగిన ఊయల అది.

"బాలెంత తల్లిగారింటికే పోతది గద. మీది వికారాబాదే గద. తీస్కపోండ్రి."

కాదనడానికి రొట్టె తిన్న నోరు రాలేదు. అమర్‌నాథ్ తొట్టెలను నెత్తిన బోర్లించుకొని వెనక కూర్చున్నాడు. ఆ ఎండకు అదొక్కటే నీడ.

పరిగిలో నిమ్మసోడా కోసం ఆగారు. దుకాణానికి పాత ఖాతాదారు మల్లేశ్ తొట్టెల చూసి రోడ్డు దాటి పరుగెత్తుకొచ్చాడు.

"సేటూ! చెప్పనే లేదు! ఎప్పుడైంది?"

"మాది కాదు మల్లేశ్!"

"మరెవలది?"

"జనార్దన్‌ది!" అన్నాడు అమర్‌నాథ్, ఎండకు తల తిరుగుతూ.

"జనార్దన్ పటేల్‌దా! గీ వయసులనా!"

"ఆయన బిడ్డ..." అనేలోపు సాహిత్య గేరు మార్చింది. మిగిలిన మాట పరిగిలో ఎవరికీ వినపడలేదు.

అడవి దారిలో ఉండగా, పరిగి నుంచి ఎవరో పంపిన తొట్టెల ఫొటో చూసి నిఖిల్ ఫోన్ చేశాడు. "డాడీ, నన్ను ఇంటికి రావద్దన్నది ఇందుకేనా? తమ్ముడా, చెల్లెనా?"

సాయంత్రానికి ఇల్లు చేరేసరికి పరిగి మాట ముందే వచ్చి, వాకిలి నిండా ఆడవాళ్ళు. ఇంట్లో మరిచిపోయిన మనుమరాలి బట్టల సంచి కోసం అప్పుడే తాండూరు నుంచి వచ్చిన జనార్దన్‌ను వాళ్ళంతా ఒక రకంగా చూస్తున్నారు. ఆయనకు ఎందుకో తెలియక అందరికీ నమస్కారం పెడుతున్నాడు. ఇంద్రమ్మ కారు దిగి, పుట్టింది మనుమరాలని పదిమందికీ చెప్పాక గానీ ఆయన పరువు దక్కలేదు. కొందరికి ఆ సంగతి నిరాశ కలిగించింది.

అనసూయమ్మ నవ్వు ముఖంతో ఎదురొచ్చింది. "పరేషాన్ కాకుండ్రి, సంచి దొరికింది! జంగప్ప తెచ్చిచ్చిండు. నా చేతులతోని తీస్కపోయి దేవునికాడ పెట్టి..."

మాట సగంలో ఆపి నోటి మీద చెయ్యి వేసుకుంది. ప్రస్థానం పెట్టిన సంచి ఇంట్లోకి వచ్చింది. ఆమె నియమం ప్రకారం ప్రయాణం క్షేమంగా ముగిసింది.

అమర్‌నాథ్ తొట్టెల దింపి మెట్ల మీద కూలబడ్డాడు. "ఇయ్యాల రూము పోయిందని దారిలనే ఫోన్ చేసి రేపటికి మార్పిచ్చిన. రేపు పోతం అమ్మా."

"రేపు శుక్రవారం. కోడలు గడప దాటితె లక్ష్మి దాటినట్టె."

సాహిత్య బండి దిగింది. హెల్మెట్ మాత్రం తీయలేదు. లోపల ఏడుస్తున్నదేమోనని అత్తగారికి అనుమానం వచ్చింది. అనుమానం నిజమే. వచ్చే వేసవికి మూఢం ఉండదు, మళ్ళీ బిందెలే ఉంటాయి. అనసూయమ్మకు ప్రాణం ఉసూరుమంది.

"ఏడ్వకు బిడ్డా. పొద్దు గుంకితె శూల పోతది, మంచి గడియ ఇంక దాటలేదు. మళ్ల ప్రస్థానం పెడదం."

"ఏం పెడదం అత్తమ్మా? తిరిగొచ్చిన సంచి పనికిరాదు గద."

"సంచి వద్దు. సంచినైతె ఎవలన్న కార్ల ఎక్కిస్తరు. నేనే పోయి ఇంద్రమ్మింట్ల కూచుంట. నన్నెవలు ఎత్కపోతరు?"

ఆమె తెలివికి వాకిలంతా ముక్కున వేలేసుకుంది. అనసూయమ్మ దిండు, బీపీ గోలీలు తీసుకొని మంచి గడియలో గడప దాటింది.

శుక్రవారం తెల్లవారింది. జనార్దన్ ఇంటి ముందు బండి ఆగేసరికి అనసూయమ్మ అరుగు మీద తయారుగా ఉంది. కొంగు నడుముకు దోపింది. నెత్తిన జనార్దన్ హెల్మెట్ ఉంది.

"అమ్మా, గిదేంది?"

"నిన్న మంచి గడియల నన్నే పెట్టిన్రు గద. పెట్టినదాన్ని ఇడిసిపోవద్దు, ఎంట తీస్కపోవాలె. నేను లేకుంటె నీకు నడుస్తదా?"

ఈ మాట ఆమె నిన్న సాయంత్రం అనుకున్నదో, చెంచాల నాడే అనుకున్నదో చెప్పలేం.

"బండి మీద ఇద్దరికే జాగ ఉన్నది అమ్మా!"

"ఎరికె. అందుకే నేను కోడలెనక కూచుంట. అనంతగిరి మలుపుల నువ్వు ఒర్రింది బీరయ్య బామ్మర్ది విన్నడట."

సాహిత్య హెల్మెట్ లోపల ఈసారి ఏడవడం లేదు. అత్తగారు ఎక్కి, కోడలి నడుము గట్టిగా పట్టుకొని, "జర మెల్లగ పో," అంది. వీధి మలుపు తిరగకముందే, "గింత మెల్లగనా?" అంది.

మన్ననూరు దాటాక ఘాట్ మొదటి మలుపులో ఒక మోటారుసైకిలు హారన్ కొడుతూ శ్రీశైలం బస్సును దాటిపోయింది. వెనక కూర్చున్న పెద్దావిడ బస్సు వైపు చెయ్యి ఊపింది. "ఏం నడుపుతున్నదయ్యా గా అమ్మ!" అని కండక్టరు మెచ్చుకున్నాడు. అదే బస్సులో కిటికీ పక్కన అమర్‌నాథ్ ఒళ్ళో సంచిని రెండు చేతులా పట్టుకొని కూర్చున్నాడు. అందులో అతని లైసెన్సు భద్రంగా ఉంది.