నాలుగున్నర అంగుళాల గోడ

ఆదివారం ఉదయం ఇన్‌స్పెక్టరు గారు వేసుకున్న పథకంలో ఒకే ఒక్క పని ఉంది: హాల్లో ఎడమవైపు గోడకు టేకు అలమార బిగించడం. సాయంత్రం అయిదు గంటలకు మామగారు వస్తారు. ఆయన వచ్చేసరికి అలమార గోడ మీద ఉండాలి, అందులో పుస్తకాలు ఉండాలి, చెయ్యి వేస్తే అది కదలకూడదు. ఇంతకు మించి ఆ రోజును ఆయన ఏమీ కోరలేదు.

ఆ అలమారకు ఒక చరిత్ర ఉంది. మామగారు వడ్రంగి. కూతురు టీచరు ఉద్యోగంలో చేరిన ఏడాది, మూడు నెలల ఆదివారాలన్నీ వెచ్చించి దాన్ని చేసి ఇచ్చారు. వెనక పట్టెకు ఒకే వరుసలో నాలుగు బెజ్జాలు కూడా ఆయనే వేశారు. పందొమ్మిదేళ్లుగా ఆ బెజ్జాల్లోకి ఏ మేకూ దూరలేదు. ఆ దంపతులు అద్దెకున్న ఆరు ఇళ్లలోనూ ఒప్పంద పత్రం మీద మొదటి షరతు ఒకటే: గోడలకు మేకులు కొట్టరాదు. అలమార మంచాల కింద, తలుపుల వెనక, ఒక ఇంట్లో అయితే స్నానాలగదిలో బకెట్ల పక్కన నిలబడి రోజులు వెళ్లదీసింది. మామగారు వచ్చినప్పుడల్లా దాని మీద ఒకసారి చెయ్యి వేసి, ఏమీ అనకుండా కాఫీ తాగి వెళ్లిపోయేవారు. ఏదైనా అని ఉంటే అల్లుడికి అంత బాధ ఉండేది కాదు.

ఇప్పుడు సొంత ఇల్లు కొన్నారు. వరస ఇళ్లలో నాలుగోది. దిగి తొమ్మిది రోజులైనా దంపతులకు ఆ సంతోషం ఇంకా పాతబడలేదు. కుళాయి తిప్పగానే నీళ్లు వచ్చినందుకు భార్య గట్టిగా, పైకి వినబడేలాగే, థాంక్స్ చెప్పింది. కుళాయికో, దేవుడికో ఆమెకే తెలియదు. భర్త రోజూ ఆఫీసు నుంచి రాగానే చెప్పులు విడవకముందే నాలుగు గోడలనూ ఒకసారి చూసి వచ్చేవారు.

ఆయన తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. ఆయన బజారులో నడిచి వస్తుంటే తక్కెళ్లు తమంతట తామే సరిగ్గా నిలబడతాయని చెప్పుకుంటారు. అటువంటి మనిషి మేకు కొనే ముందు గోడ మందం కొలవకుండా ఉండరు. కొలవాలంటే గోడ అంచు కనబడాలి. ఎడమ గోడకు అంచు ఎక్కడా కనబడలేదు. కిటికీ ఉన్న ముందు గోడకు కనబడింది. ఆ గోడనే టేపుతో మూడుసార్లు కొలిచి నోటుబుక్కులో రాసుకున్నారు: తొమ్మిది అంగుళాలు. ఒక ఇంట్లో గోడలన్నీ ఒకే మందం ఉంటాయని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఉండవని కూడా ఎవరూ చెప్పలేదు.

ఇనుప సామాన్ల దుకాణదారుకు ఆయన బాగా పరిచయం. బాగా భయం కూడా.

"ఎంత పొడవు బోల్టులు కావాలి సార్?"

"గోడ తొమ్మిది అంగుళాలు. ఎనిమిదివి నాలుగు ఇవ్వు."

"ఏం తగిలిస్తారు సార్, ఏనుగునా?"

"పుస్తకాల అలమార."

"దానికి రెండున్నర చాలు సార్."

"నీ తక్కెడలో రెండున్నర గ్రాములు తేడా వస్తే చాల్లే అని నేనెప్పుడైనా ఊరుకున్నానా?"

దుకాణదారు ఎనిమిది అంగుళాలవి పొట్లం కట్టాడు.

పని మొదలైంది. అరువు తెచ్చిన డ్రిల్లుకు నాలుగున్నర అంగుళాల దాకా గోడ ఎదురు తిరిగింది. ఆ తరవాత డ్రిల్లు హాయిగా లోపలికి జారిపోయింది. తన చెయ్యి తిరిగిందని ఇన్‌స్పెక్టరు గారు సంతోషించారు. మిగిలిన మూడు బెజ్జాల్లోనూ ఆయన చెయ్యి సరిగ్గా నాలుగున్నర దగ్గరే తిరిగింది. పదకొండు గంటలకల్లా అలమార గోడెక్కింది, పుస్తకాలు అలమారెక్కాయి. భార్య చాలాసేపు దాని ముందు నిలబడి చూసింది.

"పడదు కదండీ?"

"ఎనిమిది అంగుళాలే."

ఆ గోడకు అవతలిది హెడ్మిస్ట్రెస్ గారి హాలు. ముప్పయ్యేళ్లు ఒక పాఠశాలను కంటిచూపుతో నడిపి రిటైరయిన మనిషి. వీధి చివర మందుల దుకాణం నడిపే కొడుకుతో ఉంటున్నారు. కాలం చేసిన భర్త ఫొటో తగిలించుకోవడానికి గోడకు ఒక మేకు కొట్టమని ఆరు నెలలుగా కొడుకును అడుగుతున్నారు. ఆయన ఫొటో ఆరు నెలలుగా కుర్చీలో కూర్చుని ఉంది.

డ్రిల్లు తిరిగినంతసేపూ ఆమె కూరగాయలకు వెళ్లి ఉన్నారు. తిరిగి వచ్చి చూస్తే ఖాళీ గోడలోంచి నాలుగు ఇనుప కొనలు, సమాన దూరంలో, ఒకే వరుసలో, ఒక్కొక్కటి రెండున్నర అంగుళాలు బయటికి వచ్చి ఉన్నాయి. ఇంత తిన్నగా ఎవరు కొట్టారా అని ఆమెకు అనుమానం కలిగింది. కింద ఊడ్వకుండా వదిలేసిన ఇటుక పొడి చూశాక ఆ అనుమానం తీరిపోయింది. పని చేసి చెత్త అక్కడే వదిలి వెళ్లే మనిషి ఆ ఇంట్లో ఒక్కడే.

ఆమె వెంటనే దుకాణానికి ఫోను చేశారు.

"చూశాను నాన్నా."

"ఏంటమ్మా?"

"చెప్పకుండా చేసి వెళ్లిపోయావు చూడు, అదే నచ్చింది నాకు."

కొడుకు ముందు మందుల చీటీలు పట్టుకుని ఆరుగురు నిలబడి ఉన్నారు. పొద్దున పాల ప్యాకెట్టు ఫ్రిజ్జులో పెట్టిన సంగతి కాబోలనుకున్నాడు.

"దానికేముందిలే అమ్మా."

"దానికేముందా? ఆర్నెల్ల నుంచి నిన్ను ఎన్నెన్ని మాటలన్నాను. అవన్నీ వెనక్కి తీసుకుంటున్నాను."

ముప్పయ్యేళ్ల ఉద్యోగంలో ఆమె ఒక్క మాట వెనక్కి తీసుకున్న దాఖలా లేదు. కొడుకు ఫోను పెట్టేసి, ఇకమీదట పాల ప్యాకెట్టు రోజూ తానే లోపల పెట్టాలని నిశ్చయించుకున్నాడు.

హెడ్మిస్ట్రెస్ గారు పొడి ఊడ్చి, మొదటి కొనకు భర్త ఫొటో, రెండోదానికి గడియారం, మూడోదానికి వీడ్కోలు సభలో ఇచ్చిన జ్ఞాపిక, నాలుగోదానికి క్యాలెండరు తగిలించారు. ఇంత సంతోషాన్ని ఒక్కరే దాచుకోవడం ధర్మం కాదనిపించి, పక్కింట్లో కొత్తగా దిగిన దంపతులను పిలుచుకు వచ్చారు.

ఇన్‌స్పెక్టరు గారి కళ్లు ఫొటో మీద పడలేదు. బోల్టులు నాలుగు. ఒకదానికొకటి పదకొండు అంగుళాల దూరం. ఆ దూరం ఆయనకు కంఠతా వచ్చు.

"మా వాడి పని బాబూ. మీరూ ఇల్లు సర్దుకుంటున్నారు కదా, ఏ సందేహం వచ్చినా వాణ్ని అడగండి. మొహమాటపడకండి."

"తప్పకుండా పిన్నిగారూ," అన్నారు ఆయన, గోడ వైపు చూడకుండా.

ఇంటికి రాగానే భార్య తలుపు వేసింది.

"వెళ్లి చెప్పండి."

"ఏమని చెప్పను?"

"మీ ఇంట్లోకి పొడిచేశామని."

"ఆవిడ కొడుకుని తల్చుకుని మురిసిపోతున్నారే. ఆ మురిపెం నా చేత్తో ఎలా తీసెయ్యను?"

"అతను చెయ్యని పనికి అతన్ని మెచ్చుకుంటున్నారు. మీరు చేసిన తప్పు మీ పేరు మీద లేదు. ఇదెక్కడి న్యాయమండీ?"

ఆమె మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఇన్‌స్పెక్టరు గారు రెండుసార్లు పక్కింటికి వెళ్లారు. మొదటిసారి టీ తాగి వచ్చారు. రెండోసారి, తల్లి అడగకుండానే పని చేసి పెట్టే కొడుకులను గురించి ఇరవై నిమిషాలు ఉపన్యాసం విని, మనసారా ఒప్పుకుని వచ్చారు.

మూడు గంటలయింది.

"నాన్న వస్తే ముందు అలమార చూస్తారు, తరవాత గోడ చూస్తారు. ఆయన దగ్గర ఏదీ దాగదు," అంది భార్య. "చిన్న బోల్టులు తెచ్చి మార్చేయండి. ముందు క్యాలెండరుది తియ్యండి, కింద పడినా పగలదు. ఫొటో దాకా వచ్చేలోగా నేనే వెళ్లి నిజం చెప్తాను."

చిన్న బోల్టులు వచ్చాయి. ఇన్‌స్పెక్టరు గారు నాలుగో బోల్టుకు స్పానరు తగిలించి నెమ్మదిగా విప్పసాగారు. గోడకు అవతల ఏదో జారిన చప్పుడు, ఆ వెంటనే హెడ్మిస్ట్రెస్ గారి గొంతు స్పష్టంగా వినబడ్డాయి. అంత స్పష్టంగా వినబడినప్పుడే ఆ గోడ మందం గురించి ఆయన మరోసారి ఆలోచించవలసింది.

"ఒరేయ్, నీ మేకు లోపలికి పోతోంది. వచ్చి చూసి వెళ్లు."

కొడుకు దుకాణం నుంచి అయిదు నిమిషాల్లో వచ్చాడు. గోడ చూశాడు. తనకు అందిన మెచ్చుకోలు పాల ప్యాకెట్టుకు సంబంధించినది కాదని అప్పుడు అర్థమైంది. అబద్ధమాడాలన్న ఉద్దేశం అతనికి లేదు. నిజం చెప్పాలన్న ఉద్దేశం కూడా కలగలేదు. తల్లి తన వైపు అలా చూసి ఎన్నేళ్లయిందో లెక్కపెట్టుకుంటూ పటకారు అందుకున్నాడు.

"కొంచెం వదులైనట్టుందమ్మా. బిగించేస్తాను."

ఇవతల ఇన్‌స్పెక్టరు గారు కుడి నుంచి ఎడమకు తిప్పుతున్న స్పానరు ఆగి, ఒక క్షణం ఆలోచించి, తనంతట తానే ఎడమ నుంచి కుడికి తిరిగింది. ఆయన మళ్లీ ఎడమకు తిప్పారు. అది మళ్లీ కుడికి వచ్చింది.

"ఏమయింది?" అంది భార్య.

"అటు ఎవరో ఉన్నారు."

"వాళ్లింట్లో వాళ్లే ఉంటారు. ఉండకూడనిది మన బోల్టు."

అవతల కొడుకు పట్టువదిలి, వీధిలోకి వెళ్లి, అదే ఇనుప సామాన్ల దుకాణంలో ఆ బోల్టుల సైజు చెప్పి నాలుగు నట్లు, నాలుగు వెడల్పాటి వాషర్లు అడిగాడు.

"మీ వీధిలో అందరూ ఏనుగుల్ని కొన్నారా?" అన్నాడు దుకాణదారు. కొడుక్కి ఆ ప్రశ్న అర్థం కాలేదు. తీరిక కూడా లేదు. ఇంటికి వచ్చి, తగిలించినవన్నీ దించి, నాలుగు కొనలకూ నట్లు వేసి, పళ్లు బిగపట్టి బిగించి, మళ్లీ అన్నీ తగిలించాడు. ఇవతల అలమార వెంట్రుకవాసి కదిలి గోడకు అతుక్కుపోయింది. ఇన్‌స్పెక్టరు గారు స్పానరు మీద తన బరువంతా మోపినా బోల్టు ఇక తిరగలేదు.

అయిదయింది. వీధి తలుపు చప్పుడైంది.

మామగారు భుజాన పొడవాటి గుడ్డసంచీతో లోపలికి వచ్చారు. కూర్చోమంటే కూర్చోలేదు. అలమార దగ్గరికి వెళ్లి దాని మీద అరచెయ్యి ఆనించారు. తరవాత రెండు చేతులతో పట్టుకుని, డెబ్బై రెండేళ్ల శరీరాన్ని దానికి వేలాడదీశారు. పుస్తకాల్లో ఒక్కటి కూడా ఒరగలేదు. కిందికి దిగి, గోడను వేలి కణుపుతో తట్టి, చెవి పెట్టి విన్నారు.

"అల్లుడుగారూ, ఇది నాలుగున్నర అంగుళాల గోడ."

"ఇవాళే తెలిసింది మామయ్యగారూ."

"లోపల గుల్ల ఇటుక. దీంట్లో చిన్న బోల్టులు పెడితే నెల తిరక్కుండా అంతా ఊడి మీద పడేది. మీరు ఇల్లు చూపించిన రోజే తట్టి చూశాను. మీ సంతోషం చూసి చెప్పలేకపోయాను." ఆయన సంచీ విప్పారు. అందులో నున్నగా చిత్రిక పట్టిన నాలుగు టేకు కాళ్లు ఉన్నాయి. "గోడెక్కే రాత దీనికి లేదనుకుని, నేల మీద నిలబెడదామని ఇవి చేసుకొచ్చాను."

కూతురు ఆ కాళ్ల వైపు చూసి తల తిప్పుకుంది.

"ఈ గోడకి ఒకటే దారి," అన్నారు మామగారు. "బోల్టు అటు దాకా పోవాలి, అటునుంచి నట్టు బిగించాలి. కానీ మీ హాల్లోకి మా బోల్టు రానివ్వండని ఇరుగుపొరుగుని అడిగే ధైర్యం ఎవరికుంటుంది? మీకుంది. వాళ్లు ఒప్పుకున్నారు. పదండి, ఆ మహాతల్లికి దణ్ణం పెట్టి వద్దాం."

"ముందు కాఫీ తాగుదురు గాని మామయ్యగారూ."

"కాఫీ ఎక్కడికీ పోదు."

హెడ్మిస్ట్రెస్ గారు తలుపు తీసేసరికి ఎదురుగా ఒక ముసలాయన చేతులు జోడించి నిలబడి ఉన్నారు, వెనక నేల చూపులతో కూతురూ అల్లుడూ.

"అమ్మా, మా అలమారని మీ ఇల్లు పట్టుకుని నిలబెట్టింది. మీ మేలు మరిచిపోలేం."

"ఏ అలమార?" అన్నారు ఆమె.

ఇక దాచడానికి చోటు మిగలలేదు. "ఆ బోల్టులు నావి పిన్నిగారూ," అన్నారు ఇన్‌స్పెక్టరు గారు. "కిటికీ గోడ కొలిచి ఈ గోడకి కొట్టాను. పొద్దుననగా చెప్పాల్సింది. రెండుసార్లు చెప్పడానికే వచ్చాను."

ఆమె నెమ్మదిగా, ఇంకా ఇంట్లోనే ఉన్న కొడుకు వైపు తిరిగారు.

"నట్లు మాత్రం నావేనమ్మా," అన్నాడు అతడు.

"మరి పొద్దున ఫోనులో?"

"పాల ప్యాకెట్టు గురించి అనుకున్నాను."

"మధ్యాహ్నం?"

అతడు క్యాలెండరు సరిచేయడం మొదలుపెట్టాడు.

"ఇద్దరూ ఇలా వచ్చి నిలబడండి."

నిలబడ్డారు. ఇన్‌స్పెక్టరు గారికి నలభై ఎనిమిదేళ్లు. అయినా చేతులు వాటంతట అవే కట్టుకున్నాయి.

"మీరు అడక్కుండా మా ఇంట్లోకి వచ్చారు. వీడు తనది కాని మెప్పుని జేబులో వేసుకున్నాడు. మొదటిది పొరపాటు, రెండోది వంకర బుద్ధి. రేపు పొద్దున ఇద్దరూ కలిసి ఈ గోడకి సున్నం వెయ్యండి."

"బోల్టులు తీసేస్తానండీ," అన్నారు ఇన్‌స్పెక్టరు గారు.

"తియ్యమని ఎవరన్నారు?" ఆమె ఫొటో వైపు చూశారు. గొంతు కొంచెం తగ్గింది. "తప్పుకి శిక్ష వేశాను. మేలు సంగతి ఇంకా చెప్పలేదు. ఆర్నెల్ల నుంచి మా ఆయనతో మాట్లాడాలంటే కుర్చీ దగ్గర వంగవలసి వచ్చేది. ఇవాళ తలెత్తి చూశాను." ఆమె వరసగా చేతులు జోడించారు: బోల్టులకు ఇన్‌స్పెక్టరు గారికి, బెజ్జాలకు వడ్రంగి గారికి, కొంత ఆలోచించాక నట్లకు కొడుక్కి. కొడుకు ఈసారి తలవంచుకుని, సరైన కొలతలో పుచ్చుకున్నాడు.

అంతా అయ్యాక ఆమె వడ్రంగి గారిని పక్కకు పిలిచారు.

"మా వంటింటి గోడ కూడా మీ వాళ్లదానికి ఆనుకునే ఉంది. గరిటెలు తగిలించుకోవడానికి చోటు లేదు. మీ అల్లుడి దగ్గర ఇంకో అలమార ఏమైనా ఉందా?"

"లేదమ్మా," అన్నారు మామగారు. "కానీ నా దగ్గర టేకు ఉంది."

రెండో అలమార నెల రోజుల్లో తయారైంది. దాన్ని ఇన్‌స్పెక్టరు గారి వంటింట్లో ఎంత ఎత్తులో బిగించాలన్నది మాత్రం, గోడకు అవతల హెడ్మిస్ట్రెస్ గారి చెయ్యి గరిటె దాకా అందుతుందో లేదో చూసి నిర్ణయించారు.