పద్నాలుగు వందల పాతిక వాట్లు, తరుగు పోగా

శబ్దాన్ని కాటా వేసి కొనడం ప్రపంచ చరిత్రలో మొదటిసారి మా పంచాయతీలోనే జరిగింది. ఈ సంగతి ప్రపంచానికి తెలియదు. మా మైకులోనే ప్రకటించాం కనుక వినపడి ఉండదు.

మా ఊరు చోడవరానికి కూతవేటు దూరం అంటారు. ఆ కూత ఎవరు వేశారో, ఎన్ని వాట్లతో వేశారో రికార్డు లేదు. ఊరికి పడమట ఏరు. ఒడ్డున పల్లంలో చెరకు. ఆ చెరకు మధ్య పరదేశి పశువుల పాక, పాకలో అతని ఎడ్ల జత. ఎగువ కొండల మీద వాన పడిందంటే, మా ఊళ్ళో ఎండ కాస్తుండగానే ఏరు వచ్చి పల్లం ముంచుతుంది. కనుక ఏరొస్తోందని పరదేశికి ఎవరో ఒకరు చెప్పాలి. సమస్యల్లా ఇంతే. ఇంత చిన్న సమస్య కాబట్టే దాన్ని తీర్చడానికి కమిటీ కావలసి వచ్చింది.

తొంభై ఆరు దాకా ఈ పని మా ఆవిడ కనకమహాలక్ష్మి చూసేది. పరదేశికి ఆవిడ అప్ప, అంటే సొంత అక్క. మా పెరడు మెరక మీద ఉంది. అక్కడ అంట్లు తోముకుంటూ, ఏటి నీటి రంగు మారడం కనిపెట్టి, లేచి నిలబడి, "ఒరే పరదేశీ, ఏరొస్తంది, గొడ్లిప్పరా" అనేది. పరదేశి విప్పేవాడు. ఈ ఏర్పాటుకు కరెంటు అక్కర్లేదు, తీర్మానం అక్కర్లేదు. అందుచేత దాన్ని ఏర్పాటుగా ఎవరూ గుర్తించలేదు.

ఆ ఏడు శ్రావణంలో ఆవిడకు జ్వరం వచ్చింది. మిగతాది ఆసుపత్రి చూసుకుంది. (ఏటి అవతలికి వినిపించే గొంతు వార్డు చివర కూర్చున్న నర్సుకు వినిపించలేదట. దూరం సంగతి కాదన్నమాట.)

ఆ వానలకే పరదేశి పాకలో మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. ఎడ్లు ఎలాగో బయటపడ్డాయి. అతను పంచాయతీకి వెళ్ళి మొర పెట్టుకున్నాడు. "మా అప్ప పోయింది బాబూ. ఇక నాకు సెప్పేవోళ్ళు నేరు. ఈ ఎడ్లు పోతే నా బతుకు పోయినట్టే" అన్నాడు. పంచాయతీ కదిలింది.

మా సర్పంచి సన్యాసమ్మ గారు. మహిళా రిజర్వేషను. సంతకం ఆవిడది. సంతకానికి ముందూ వెనకా జరిగేదంతా ఆవిడ భర్త సత్యారావు గారిది. ఆయన చెరకు కాటా దగ్గర గుమస్తాగా పనిచేసి దిగిపోయిన మనిషి. బండి కాటా ఎక్కితే చాలు, ఆకు ఇంత, మట్టి ఇంత, కట్టిన తాడు ఇంత అని తరుగు తీసి రాసేవారు. మా రైతులకు ఆయనంటే ఎంత గురి అంటే, ఏడవవలసింది ఇంటి దగ్గరే ఏడ్చి బండి కట్టేవారు.

ఆంప్లిఫయరు ఒకటీ, డాబా మీదికి బాకా ఒకటీ కొనాలని తీర్మానమైంది. ధ్వని కమిటీ వేశారు. పాత ఏర్పాటు తాలూకు మనిషినని నాకూ అందులో చోటిచ్చారు. అందరం బస్సెక్కి అనకాపల్లి వెళ్ళాం.

కొట్టు ఇంతియాజ్‌ది. అతను ముందు ఒక నల్ల ఇనప పెట్టె దించాడు. దించడానికి ఇద్దరు పట్టారు.

"ఇది ముప్ఫై వాట్లండి. పెళ్ళిళ్ళకి తిరిగే రకం. ఊరంతా ఇనపడతాది."

"ముప్ఫయ్యా?" అన్నారు సత్యారావు గారు. "మా సావిట్లో బల్బే అరవై కదయ్యా."

ఇంతియాజ్ వాదించలేదు. వ్యాపారస్థుడు. అరలోంచి ఇంకో పెట్టె తీశాడు. అరచేతిలో పట్టింది. ముందు పలక మీద ఎర్ర దీపాలు, పచ్చ దీపాలు ఒకదాని వెనక ఒకటి పరుగెడుతున్నాయి. మీద బంగారు అక్షరాలతో 1500 వాట్స్ అనీ, పక్కన పి.ఎం.పి.ఓ. అనీ రాసి ఉంది.

"ఆ పి.ఎం.పి.ఓ. ఏటి?" అన్నాను.

"డిల్లీలో అలా రాస్తన్నారండి."

సత్యారావు గారు నన్ను పక్కకు లాగి గొంతు తగ్గించారు. "ఊరుకోండి, నవ్వుతారు. ఎమ్మార్వో మీద ఆఫీసరు. ఆయన సూసి సంతకం ఎడితేగానీ పెట్టె బయటికి రాదు."

నేను మళ్ళీ అడిగాను. "నిజంగా పదిహేను వందలేనా?"

"రెండు వేలది కూడా ఉందండి" అన్నాడు ఇంతియాజ్. "లోపల సామానొకటే. మీద అంటించిన సీటీ వేరు. ఏది కావాల?"

అతను ఏదీ దాచలేదు. దాచినవాణ్ణి నిలదీయవచ్చు. చెప్పేసినవాణ్ణి ఏం చేస్తాం?

అయినా కమిటీ గుడ్డిగా కొనలేదు. పక్కనే బెల్లం కొట్టు. రెండు పెట్టెలూ అక్కడి కాటా మీద పెట్టించారు. నల్ల పెట్టె బెల్లం దిమ్మంత తూగింది. సత్యారావు గారు అందులోంచి ఇనుం బరువు తీసేశారు, రాగి తీగ తీసేశారు, రేకు తీసేశారు. మిగిలింది సున్నా. "అంతా తరుగే" అన్నారు. చిన్న పెట్టెకు కాటా ముల్లు కదలలేదు. తరుగు తీయడానికి అందులో ఏమీ లేదు. అటువంటి సరుకు ఆయన తన సర్వీసులో చూడలేదట. అయినా న్యాయం న్యాయమే కనుక వాట్లలోనే నూటికి అయిదు తరుగు కొట్టి, పద్నాలుగు వందల పాతికగా నిర్ధారించారు. రెండు వేలది వద్దన్నారు. గొప్పలకు పోయినట్టుంటుందని.

పంచాయతీ అరుగు మీద పరీక్ష జరిగింది. ధ్వని నిర్ధారణ నిబంధనల ప్రకారం కమిటీ అంతా బాకాకు చేతికందేంత దూరంలో నిలబడింది. సత్యారావు గారు మైకులో "హలో, హలో" అన్నారు. గోడ మీద కోడి ఎగిరి అవతల పడింది. కోడి లేచినట్టు రాసుకున్నారు.

పరదేశి కింద నిలబడి ఉన్నాడు. "బాబూ, మరి నా పాక కాడ ఎవులైనా నిలబడి ఇంటారేటి?"

"బురదరా అక్కడ. అయినా బండెడు సెరకు ఎలాగుందో సూడ్డానికి పొలానికెల్తామేటి? నాలుగు గెడలు లాగి సూస్తాం. ఇదీ అంతే."

"ఏటండీ" అంది సన్యాసమ్మ గారు లోపల్నుంచి. "ఓపాలి ఎల్లి ఇనొచ్చేస్తే పోద్ది కదా."

"నువ్వు సంతకం కాడికి రా" అన్నారు సత్యారావు గారు. ఆవిడ వచ్చింది.

తరవాత త్రైరాశికం వేశారు. ఈ లెక్క మా ఊరి బళ్ళో బెత్తంతో చెప్పారు కనుక తప్పు పోదు. ముప్ఫై వాట్ల పెళ్ళి సెట్టు రామమందిరం నుంచి రైసుమిల్లు దాకా వినపడుతుంది. ఇది ఊరందరికీ తెలుసు. అలాగైతే పద్నాలుగు వందల పాతిక వాట్లు ఎంత దూరం? గుణించి భాగిస్తే అటు బుచ్చయ్యపేట, ఇటు కె.కోటపాడు దాటేసి, రోలుగుంట మీదుగా వెళ్ళి, మిగిలింది కొండలకు కొట్టుకుంటుందని తేలింది. లెక్క చూసిన కమిటీకి చెమటలు పట్టాయి. మనం మన పరదేశికి ఏదో చెప్పుకుంటే రోలుగుంటలో పసిపిల్లలు ఉలిక్కిపడి లేస్తారు. ఊరూ ఊరూ కొట్టుకుంటాయి.

అందుకని పెట్టెకు పదిదాకా ఉన్న శబ్దం మీటను మూడు దగ్గర నిలిపి, రేకు పెట్టెలో పెట్టి తాళం వేశారు. మైకు మాత్రం బయట వదిలారు, ఎవరైనా మాట్లాడుకోవచ్చు. తాళం చెవి సత్యారావు గారు తన మొలతాడుకు కట్టుకున్నారు. మూడు ఊళ్ళ పెద్దలకూ ముందస్తు క్షమాపణలు రాశారు. బుచ్చయ్యపేట నుంచీ, రోలుగుంట నుంచీ జవాబులు వచ్చాయి. మీ మైకు వల్ల మాకు ఏ ఇబ్బందీ లేదని రాశారు. అదుపు ఎంత బాగా పనిచేస్తోందో చూడమని సత్యారావు గారు ఆ ఉత్తరాలు చదివి వినిపించారు. కె.కోటపాడు నుంచి జవాబు రాలేదు. అప్పటికే వాళ్ళ చెవులు పోయాయేమోనని కంగారుపడి, మీట రెండుకు తగ్గించారు.

ఇంత చేసినా కమిటీ పరదేశిని మరవలేదు. పిలిపించి ఒక దూది పొట్లం ఇచ్చారు.

"ఇదెందుకు బాబూ?"

"నువ్వు మరీ దగ్గిరున్నావురా. ఆ మోతకి సెవులు పోతాయి. రోజూ ఎట్టుకో."

"ఎడ్లకో?"

"ఎడ్ల సంగతి తరవాత సూద్దాం."

మరుసటి ఏడు భాద్రపదం. మధ్యాహ్నం భోజనం చేసి పెరట్లో చెయ్యి కడుక్కుంటున్నాను. ఏరు ఎర్రబడింది. నేనూ ఒక కేక వేశాను. నా గొంతు గుమ్మం దాటదని మా ఆవిడ అనేది. ఆవిడ అన్న చాలా మాటల్లాగే ఇదీ నిజమే. పంచాయతీకి నడిచాను. సన్యాసమ్మ గారు ఒక్కత్తే ఉంది. సత్యారావు గారు కె.కోటపాడులో ఎవరిదో పెద్దకర్మ భోజనానికి వెళ్ళారు. (చెవులు ఎలా ఉన్నాయో కూడా కనుక్కుని వస్తామన్నారట.) మొలతాడు ఆయనతోనే వెళ్ళింది.

ఆవిడ మైకు అందుకుంది. సర్పంచి అయ్యాక అందులో మాట్లాడటం అదే మొదలు. "పరదేశీ, ఏరొస్తందిరా, ఎడ్లిప్పు" అంది. రేకు పెట్టె సందులోంచి చూస్తే దీపాలు ఎర్రవీ పచ్చవీ ఆ చివరి నుంచి ఈ చివరికి పరుగెత్తాయి. డాబా మీద బాకా నిద్రలో కలవరించినట్టు ఏదో అంది. గోడ మీద కోడి తల కూడా తిప్పలేదు. (అలవాటు పడిందని కమిటీ తరవాత రాసుకుంది.)

"ఏటన్నియ్యా, ఇది మూలుగుతంది" అంది సన్యాసమ్మ గారు. రేకు పెట్టె పట్టుకు గుంజింది. తాళం మంచిది. మైకు బల్ల మీద పడేసి, కొంగు బిగించి, ఏటి గట్టు వైపు పరుగెత్తింది. గట్టెక్కి నిలబడి అరిచింది. కనకమహాలక్ష్మి అంత కాదు గానీ అరిచింది.

పరదేశి విన్నాడు. అప్పటికి పాకలో నీళ్ళు నడుము దాకా ఉన్నాయి. ఒక ఎద్దును విప్పాడు. రెండోదాని పలుపు తడిసి ముడి బిగిసిపోయింది. కత్తి చూరులో ఉంది. చూరు వైపు వెళ్ళి తిరిగి వచ్చేలోగా ఎద్దూ, గుంజా, పలుపూ కలిసి వెళ్ళిపోయాయి.

విచారణ జరిగింది. మా పంచాయతీలో విచారణ జరగకుండా ఏ ఎద్దూ పోదు.

"మైకు మోగింది కదా?" అన్నారు సత్యారావు గారు.

"మోగిందనే అంటన్నారు బాబూ."

"నీకు ఇనపడిందా?"

"నేదు బాబూ."

"దూది ఎట్టుకున్నావా?"

"నేదు బాబూ."

"మరదే."

పద్నాలుగు వందల పాతిక వాట్లకు ఏడాది పొడుగునా దూది లేకుండా ఎదురు నిలిచినందువల్ల పరదేశి చెవులు ముందే చెడిపోయాయనీ, అందుకే హెచ్చరిక అందలేదనీ, లోపం పెట్టెలో లేదనీ తేల్చారు.

పరదేశి తల గోక్కున్నాడు. "మరి అమ్మగారు గట్టెక్కి అరిస్తే ఇనపడింది కదా బాబూ."

"అది లెక్కలోకి రాదు. ఆవిడి ఎన్ని వాట్లో ఏ ఆఫీసరు రాసిచ్చేడురా?"

ధ్రువీకరించిన పరికరం చేతిలో ఉండగా, ధ్రువీకరణ లేని గొంతుతో బహిరంగంగా అరవడం ప్రజలను తికమక పెట్టడమే అవుతుందని, ఇకమీదట ఎవరూ అలా చేయరాదని తీర్మానించారు. తీర్మానం కింద సర్పంచి సంతకం ఉంది. సంతకం పెట్టిన కలాన్ని ఆవిడ బల్ల మీద పెట్టలేదు. కింద పడేసింది. ఆ చప్పుడు అందరికీ వినపడింది.

సాయంత్రం పరదేశి మా పెరటి గోడ దగ్గరికి వచ్చాడు. అంట్లు తోమే రాయి వైపు చూశాడు.

"ఒంటెద్దుతో ఏటి దున్నాల బావా?"

"ఇంకోటి కొనుక్కో."

"నీకు నోరెలాగొచ్చింది?"

"రాబట్టే అన్నాను."

"మా అప్ప ఉంటేనా..." అని ఆగిపోయాడు. ఉన్నవాళ్ళ సంగతి తేలనిచోట లేనివాళ్ళ లెక్క ఎందుకు?

పంచాయతీ మాత్రం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. రెండు వేల వాట్ల పెట్టె కొనాలని తీర్మానించి మళ్ళీ అనకాపల్లి వెళ్ళారు. లోపల సామానొకటే కనుక ఇంతియాజ్ పాత పెట్టె మీదే కొత్త చీటీ అంటించి ఇచ్చాడు. తరుగు పోగా పంతొమ్మిది వందలు. వాట్లు పెరిగినందువల్ల, ఇరుగు పొరుగు ఊళ్ళ క్షేమం కోరి, మీట ఒకటికి దించారు. కె.కోటపాడు నుంచి ఈసారి జవాబు వచ్చింది. చాలా ప్రశాంతంగా ఉందని రాశారు.

పరదేశికి నష్టపరిహారం కూడా మంజూరైంది. ఎద్దుకు కూడా దూది ఇచ్చారు. ఒక ఎద్దుకు.